ఎంబ్రాయిడరీకి కొత్త మిషన్ కొనకండి, ముందు ఒక దిండు గలీబు కుట్టి చూడండి

ఇంట్లోకి పనికొచ్చే చిన్న ఎంబ్రాయిడరీలు ఏం చేసుకోవచ్చు, దానికి కంప్యూటర్ మిషన్ కొనాలా, ఇంట్లో ఉన్న పాత కుట్టు మిషన్ చాలదా అని అడిగారు. చాలు. మాది అనంతపురం. అమ్మ నా పెళ్ళప్పుడు ఇచ్చిన కాలితో తొక్కే నల్ల మిషన్ మీదే దిండు గలీబులు, టీపాయ్ గుడ్డలు, కర్టెన్ అంచులు కుట్టుకుంటున్నా. మగ్గం వర్క్ వీడియోలు చూసి అక్కడినుంచి మొదలుపెడదామనుకుంటే మాత్రం ఆగండి, దాని సూది వేరు, చట్రానికి బట్ట బిగించి పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి ఆడించాలి, కొత్తవాళ్ళకు నెల తిరక్కుండానే విసుగొస్తుంది.

ముందు చేత్తో కుట్టండి. కాడ కుట్టు, గొలుసు కుట్టు, లేజీ డైజీ (పూరేకులాగా విడివిడిగా వేసే గొలుసు కుట్టు), ఈ మూడూ వస్తే గలీబు మూలన ఒక మల్లెతీగ వేసేయొచ్చు. దారం లచ్చిలో ఆరు పోగులుంటాయి, ఆరూ కలిపి కుడితే మోటుగా వస్తుంది కాబట్టి రెండు పోగులు తీసుకోండి, మూడైనా పర్లేదు. ఒక్కో పోగునే పైకి లాగాలి, రెండు కలిపి లాగారంటే చిక్కే. మూరకు మించి తెంచొద్దు, పొడవుంటే పని తొందరగా అవుతుందనుకుంటాం కానీ ముడులు విప్పుకోవడానికే సరిపోతుంది. డిజైన్ దించడానికి తెల్ల బట్టకు మెత్తగా పెన్సిల్, ముదురు బట్టకు పసుపు కార్బన్ పేపర్. బాల్ పెన్ ముట్టుకోవద్దు.

దారం రంగు సంగతి నేను డబ్బులు పోసి నేర్చుకున్నా. చవగ్గా వచ్చిందని ఎర్ర దారం తెచ్చి తెల్ల గలీబు మీద గులాబీలు కుట్టా, మొదటి ఉతుకుకే గలీబంతా గులాబీ రంగు! ఇప్పుడు ఏ దారం కొన్నా ఒక ముక్క తడిపి తెల్లగుడ్డ మధ్య పెట్టి నొక్కి చూసుకున్నాకే సూదికెక్కిస్తా.

ఇంక మిషన్. బట్టను బిగించడానికి ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు రింగులుంటాయి, చేత్తో కుట్టేటప్పుడు బట్ట ఆ రింగు పైభాగాన ఉంటుంది కదా, మిషన్‌కు దాన్ని తిరగేయాలి, పెద్ద రింగు కింద పెట్టి, దానిమీద బట్ట పరిచి, చిన్న రింగు లోపలికి నొక్కితే బట్ట ప్లేటుకు ఆనుకుని కూర్చుంటుంది. సూది దగ్గర బట్టను నొక్కిపట్టే పాదం విప్పేయండి. కింద బట్టను నెట్టే పళ్ళు దించేయండి, మీ మిషన్‌లో దిగకపోతే కుట్టు పొడవు సున్నాకు పెట్టండి, అవి బట్టను ముందుకు నెట్టవు. ఆ తర్వాత మిషన్ బట్టను లాగదు, రింగు పట్టుకుని మీరే నడపాలి. వేళ్ళు మాత్రం సూదికి దూరంగా, రింగు అంచు మీదే ఉండాలి. కాలు గబగబా, చెయ్యి నిదానంగా. నేను మొదట్లో దీనికి ఉల్టా చేసి మూడు సూదులు విరగ్గొట్టా.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. పాదం లేకపోయినా దాన్ని దించే మీట కిందికి దించాల్సిందే, లేకపోతే పైదారానికి టెన్షన్ (బిగువు) పట్టదు, బట్ట అడుగున దారం పిచ్చుకగూడులాగా చేరిపోతుంది. మిషన్ పాడైందని మెకానిక్‌ను కూడా పిలిచా, ఆయన మీట దించి వెళ్ళిపోయాడు, సిగ్గుతో టీ ఇచ్చి పంపినా. పల్చటి బట్టైతే కింద ఒక తెల్ల కాగితం పెట్టి కుట్టండి, అయ్యాక చింపేస్తే పోతుంది. కాగితం లేకుండా కుట్టిన నా మొదటి టీపాయ్ గుడ్డ చూసి మా అత్త "ఏందమ్మీ ఇది, పిండిన గుడ్డను అట్లనే కుట్టినావా?" అనింది. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

చెయ్యి తిరిగాక గుమ్మానికి అద్దాల తోరణం ప్రయత్నించండి. మా వీధిలో ఒక సుగాలి అక్క చూపించింది: అద్దం మీద దారాన్ని ముందు నిలువుగా రెండు, అడ్డంగా రెండు బిగించి, మళ్ళీ ఐమూలగా ఇంకో నాలుగు వేసి పంజరం కట్టాలి, ఆ తర్వాతే చుట్టూ కాజా కుట్టు. పంజరం వదులైతే ఎంత అందంగా కుట్టినా అద్దం జారిపోతుంది. నా మొదటి తోరణంలో పదకొండుకి నాలుగు ఊడిపోయాయి, మిగతా ఏడు ఇంకా ఉన్నాయి, ఆ ఖాళీల్లో గవ్వలు కుట్టేశా.