ఆయా జీతం చూపించి పన్ను తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక ఔషధ కర్మాగారంలో పనిచేస్తున్నాను. ఏడాదికి 14 లక్షల జీతం. ఇంటి రుణం ఉంది. మావారికి క్లాక్ టవర్ దగ్గర చిన్న దుకాణం, ఆదాయం నాకంటే తక్కువ. మా ఆరేళ్ల పాప బడికి వెళుతోంది. రెండేళ్ల బాబును చూసుకునే ఆయాకు నెలకు 9,000 ఇస్తున్నాం. ఉద్యోగం చేసే తల్లులకు ప్రత్యేక మినహాయింపు ఉందని, దాని కింద రీఫండ్ తెప్పిస్తానని, అందులో పదో వంతు తనకివ్వాలని ఒక ఏజెంటు అంటున్నాడు. నిజమేనా? పాప పేరిట డిపాజిట్ వేస్తే పన్ను తగ్గుతుందా?

జవాబు: అమ్మా, అలాంటి మినహాయింపు మన ఆదాయపు పన్ను చట్టంలో లేదు. ఒకప్పుడు మహిళలందరికీ కొంత వెసులుబాటు ఉండేది. 2011–12లో ఇతరులకు 1,80,000 వరకు పన్ను లేకపోతే, మహిళలకు 1,90,000 వరకు ఉండేది కాదు. మరుసటి ఏడాది నుంచి అందరికీ ఒకే పరిమితి పెట్టి ఆ తేడా తీసేశారు.

పిల్లలకు సంబంధించి మిగిలింది ముఖ్యంగా ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు. బస్సు ఛార్జీలు, డొనేషన్లు అందులోకి రావు. అదీ పీఎఫ్ వంటి పొదుపులతో కలిపి 1,50,000 పరిమితిలోనే, పాత పన్ను విధానంలోనే (పన్ను లెక్కకు పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి, ఒకటి మనమే ఎంచుకోవాలి).

2025–26 సంవత్సరానికి మీ లెక్క వేసి చూశాను. కొత్త విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలే 13,25,000 మీద సెస్సుతో కలిపి 81,900 పన్ను. పాత విధానంలో ప్రామాణిక తగ్గింపు 50,000, పొదుపులూ ఫీజూ కలిపి 1,50,000, ఇంటి రుణంపై వడ్డీ 2,00,000, ఆరోగ్య బీమా 25,000, వృత్తి పన్ను 2,400, ఇవన్నీ పూర్తిగా తీసేసినా పన్ను సుమారు 1,11,300 అవుతుంది. అంటే ఫీజు రసీదులు ఎంత జాగ్రత్తగా దాచినా మీకు కొత్త విధానమే మేలు. ఇంటి అద్దె భత్యం వంటివి ఉంటే, జీతం, కోసిన పన్ను వివరాలతో మీ సంస్థ ఇచ్చే ఫారం 16 దగ్గర పెట్టుకుని మళ్లీ లెక్క చూడండి.

ఇక ఆయా జీతం. దుకాణంలో సహాయకుడికి ఇచ్చే జీతాన్ని మీవారు వ్యాపార ఖర్చుగా చూపవచ్చు. మీరు ఉద్యోగానికి వెళ్లడం కోసమే ఆయాకు ఏటా ఇచ్చే 1,08,000 మాత్రం చట్టం దృష్టిలో ఇంటి ఖర్చు. ఆ మనిషి లేకపోతే మీ జీతమే లేదు, దాని మీద ప్రభుత్వానికి వచ్చే పన్నూ లేదు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మహిళలకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి రాజ్యాంగం 15(3) అధికరణం వీలు కల్పిస్తోంది. అడ్డు లేదు, చేయాలన్న సంకల్పమే కావాలి. అయితే పార్లమెంటు సవరించేదాకా ఆ ఖర్చును రిటర్నులో చూపకండి.

పాప పేరిట మామూలు డిపాజిట్ వేస్తే, మైనరు కాబట్టి వడ్డీని తల్లిదండ్రుల్లో ఎక్కువ సంపాదించేవారి ఆదాయంలో, అంటే మీ ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. పదేళ్లు నిండలేదు గనుక ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం సుకన్య సమృద్ధి కింద ఖాతా తెరవండి. ఏడాదికి 1,50,000 వరకు వేయవచ్చు. కొత్త విధానం ఎంచుకున్నా దాని వడ్డీపై పన్ను లేదు.

ఆ ఏజెంటుకు పాస్‌వర్డుగానీ ఓటీపీగానీ ఇవ్వకండి. ఇలాంటి రీఫండ్లు లేని ఖర్చులు, లేని విరాళాలు రాసి తెప్పించేవే. రేపు నోటీసు మీ పేరునే వస్తుంది. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఎగవేసిన పన్నుకు రెట్టింపు జరిమానా ఉంటుంది. ఇప్పటికే అతని చేత రిటర్ను వేయించి ఉంటే, నకలు తీసుకుని ప్రతి అంకె సరిచూసి సవరణ రిటర్ను దాఖలు చేయండి.

మీరు అడగలేదు కానీ, చెప్పాల్సింది ఒకటుంది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో చేర్చిన ఈ నిబంధన, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. మీ కర్మాగారంలో లేకపోతే యాజమాన్యానికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. తోటి తల్లుల సంతకాలూ పెట్టించండి. అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట అడిగేది దాన్నే.