గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చుకుంటే వారంటీ మొత్తం పోతుందా?

సందేహం: మాది కావలి. రొయ్యల చెరువులకు మేత తోలుకోవడానికి రెండేళ్ల కిందట ఆటోమేటిక్ పికప్ కొన్నాను. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. 42 వేలు తిరిగాక గేర్‌బాక్స్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చాను. డ్రెయిన్ ప్లగ్ తీసి కారినంత కార్చి, కొత్తది ఐదు లీటర్లు పోశాను. ఆయిల్ కొన్న బిల్లు, డబ్బాలు ఉన్నాయి. నెల తర్వాత రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు కుదుపు మొదలైంది. సర్వీస్ సెంటర్ వాళ్లు 'బయట ఆయిల్ మార్చారు, వారంటీ మొత్తం రద్దు' అంటున్నారు. గేర్‌బాక్స్ విప్పడానికి, ఖర్చంతా నేనే భరిస్తానని సంతకం పెట్టమంటున్నారు. బండి అక్కడే ఉంది. ఏం చేయాలి?

సమాధానం: ఆ సంతకం పెట్టకండి. మీ కేసు బలమంతా ఇప్పుడు గేర్‌బాక్స్‌లో ఉన్న ఆయిల్ మీదే ఉంది. మట్టం ఎంత ఉందన్నది పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పకముందే తేలాలి; ఏ రకం ఆయిల్, అందులో లోహపు రజను ఉందా అన్నవి విప్పేటప్పుడు తీసిన నమూనాతో తేలాలి. విప్పాక మట్టం మళ్లీ కొలవడం ఎవరి వల్లా కాదు. అప్పుడు జాబ్ కార్డులో (బండికి చేసిన పని రాసే కాగితం) వాళ్లు రాసిందే సాక్ష్యం అవుతుంది.

చట్టం సంగతికి వద్దాం. వారంటీ అంటే కంపెనీ మీకు రాసిచ్చిన ఒప్పందం. మీరు చేసిన పని వల్లే ఆ భాగం చెడిందని తేలితే ఆ భాగానికి మినహాయింపు వాడుకోవచ్చు. అంతేగాని బయట చెయ్యి పడిందన్న ఒక్క కారణంతో ఇంజన్‌కు, ఏసీకి, స్టీరింగ్‌కు కూడా వారంటీ తీసేస్తామనడం నిలబడే వాదన కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకుంటే వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టవద్దని ఆదేశించింది. బయటి పని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు పై కోర్టులకు వెళ్లాయి. అది బయటి మెకానిక్‌ల గురించి చెప్పినది, మీరేమో స్వయంగా మార్చుకున్నారు. కాబట్టి మీ ఫిర్యాదును దాని ఒక్కదాని మీదే నిలబెట్టకండి. తోడుగా చూపించండి.

అసలు ప్రశ్న ఒకటే: కుదుపుకు కారణం మీరు పోసిన ఆయిలా, కాదా? కారణమని వాళ్లంటే, అది చూపించాల్సిన బాధ్యత కూడా ముందు వాళ్లదే. అయినా మీ పక్క బలహీనత ఎక్కడుందో దాచకుండా చెబుతాను, రేపు వినియోగదారుల కమిషన్‌లో వాళ్ల వకీలు అడిగేది అదే గనుక.

ఐదు లీటర్లు పోశానన్నారు. కారినది ఎంతో కొలిచారా? ప్లగ్ తీస్తే ఉన్న ఆయిల్ అంతా రాదు, చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) కూలర్ పైపుల్లోనూ ఉండిపోతుంది. కారినది కొలిచి అంతే పోసి ఉంటే, పాత మట్టమే ఉందని మీరు గట్టిగా చెప్పవచ్చు. కొలవకపోతే లెవెల్ ఎలా చూశారన్నది కీలకం. ఇప్పటి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి కొలకడ్డీ ఉండదు. బండి సమతలంగా నిలిపి, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంచి, లివర్‌ను పీ నుంచి డీ దాకా ఒక్కో స్థానంలో కాసేపు ఆపి, ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన వేడికి వచ్చాక లెవెల్ ప్లగ్ తీస్తారు. సన్నటి ధారగా కారి ఆగితే సరిపోయినట్టు. ఇంజన్ ఆపి ఉండగా ప్లగ్ దగ్గర పొర్లేదాకా పోసి వదిలేస్తే తక్కువ పడుతుంది, ఎందుకంటే స్టార్ట్ చేయగానే పంపు ఆయిల్‌ను కన్వర్టర్‌లోకి లాగుతుంది. మట్టం తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, నురగ వస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు జారి మాడతాయి. మీరు చెప్పిన కుదుపు దీనివల్లా రావచ్చు.

రెండోది ఆయిల్ రకం. డబ్బా మీద 'ఫుల్లీ సింథటిక్' అని ఉంటే చాలదు. మీ ఓనర్ మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ పేరు డబ్బా మీద అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. డెక్స్‌రాన్ 3 అడిగే పాత గేర్‌బాక్సు ఆయిల్ వేరు, టయోటా డబ్ల్యూఎస్ లాంటి పలుచటి ఆయిల్ వేరు. సీవీటీ (విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే గేర్‌బాక్సు) ఆయిల్ అయితే అసలు పనికిరాదు. వీటిలో కలిపే ఘర్షణ రసాయనాలు వేరుగా ఉంటాయి కాబట్టి తప్పు రకం పోస్తే కన్వర్టర్ లాకప్ (కన్వర్టర్‌ను ఇంజన్‌తో నేరుగా బిగించే క్లచ్) దగ్గర వణుకు పుడుతుంది. డబ్బా మీద ఆ పేరు లేకపోతే గేర్‌బాక్సు క్లెయిమ్ గెలవడం కష్టం. అప్పుడు మిగతా భాగాల వారంటీని కాపాడుకోవడం వరకే పోరాడండి, అది మాత్రం వదులుకోవద్దు.

ఇప్పుడు చేయాల్సింది. సర్వీస్ సెంటర్‌కు, కంపెనీకి ఇద్దరికీ ఈమెయిల్ పెట్టండి. నా సమక్షంలో స్కాన్ రిపోర్టు (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు) తీసి ప్రింటు ఇవ్వాలని, పాన్ విప్పకముందు లెవెల్ పరీక్ష చేయాలని, విప్పేటప్పుడు ఆయిల్ నమూనా తీయాలని అడగండి. స్కాన్‌లో సోలినాయిడ్ (గేరు మార్చే ఆయిల్ ప్రవాహాన్ని నియంత్రించే విద్యుత్ వాల్వ్) సర్క్యూట్ తెగిందనో షార్ట్ అయిందనో కోడ్ వస్తే అది సాధారణంగా కాయిల్, వైరింగ్ లోపం. ఆయిల్‌కు సంబంధం లేదని వాదించడానికి మీకు అంతకంటే మంచి కాగితం ఉండదు. నమూనా శుభ్రమైన రెండు సీసాల్లో తీయించి, మూత మీద కాగితం అంటించి, తేదీ, బండి నంబరు వేసి, ఇరుపక్షాలూ సంతకం చేయాలి. ఒక సీసా మీ దగ్గర ఉండాలి. పాన్‌లోని అయస్కాంతాన్ని ఫొటో తీయండి. దాని మీద సన్నటి బూడిదరంగు ముద్ద మామూలే, రేకుల్లాంటి ముక్కలుంటే లోపల ఏదో భాగం అరిగిందని అర్థం. సంతకం తప్పనిసరి అంటే 'అభ్యంతరంతో, నా హక్కులకు భంగం లేకుండా' అని మీ చేత్తో రాసి పెట్టండి. ఖర్చు కట్టి రిపేరు చేయించుకోవాల్సి వచ్చినా ఇదే పద్ధతి, మార్చిన పాత భాగాలు అడిగి తీసుకోండి. తిరస్కరణ నోటిమాటతో వద్దు, వారంటీ పుస్తకంలో ఏ షరతు కింద అన్నది రాతపూర్వకంగా అడగండి.

ఈలోగా, బండి మీద లోను ఉంటే దాని కంతులు ఆపకండి. ఫైనాన్స్ వాళ్లకు ఈ తగాదాతో పనిలేదు.

పది, పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. షోరూమ్ విజయవాడలో, కంపెనీ చెన్నైలో ఉన్నా ఫర్వాలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట వేయవచ్చు. డీలరును, కంపెనీని ఇద్దరినీ చేర్చండి, ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. బండికి మీరు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ చాలు. 20 లక్షలు దాటి 50 లక్షల లోపైతే ఫీజు 1,000 రూపాయలు, 10 నుంచి 20 లక్షలైతే 400. తిరస్కరించిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ప్రయోగశాల పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో ఆలస్యం జరుగుతుంది. పరీక్షకు పంపమని 38వ సెక్షన్ కింద వేరే దరఖాస్తు ఫిర్యాదుతోపాటే పెట్టండి.

రొయ్యల చెరువులకు వాడుతున్నారు కాబట్టి 'వ్యాపార అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారు కాదు' అనే అభ్యంతరం తప్పకుండా వస్తుంది. సొంతంగా శ్రమపడి బతుకుదెరువు కోసమే వాడుకుంటే మీరు వినియోగదారే. చెరువుల విస్తీర్ణం, బండి ఎవరు నడుపుతారు, ఇంట్లో వేరే ఆదాయం ఉందా అన్నవి ఫిర్యాదులోనే రాయండి. వ్యాపార ప్రయోజనమని నిరూపించే భారం ఎదుటిపక్షానిదేనని శ్రీరామ్ చిట్స్ కేసులో 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి సంస్థ పేరు మీద కొని, జీతగాళ్లయిన డ్రైవర్లతో నడిపిస్తుంటే మాత్రం ఇబ్బందే. అప్పుడు సివిల్ కోర్టు దారి చూడాలి.

ఆయిల్ మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద 'మార్పు' కాదు, ఆ పేరుతో ఎవరైనా బెదిరిస్తే పట్టించుకోకండి. తీసిన పాత ఆయిల్ ఇంకా ఇంట్లో ఉంటే పారబోయకండి. కొంత సీసాలో పట్టి ఉంచండి, మార్చకముందే గేర్‌బాక్సులో అరుగుదల ఉందో లేదో పరీక్షలో తేలేది దానివల్లే.