ముందు ఒడ్డు, తరువాత సముద్రం

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

ఎం.ఎస్సీ. అయ్యింది కనుక ఇక సముద్ర గుర్రాల మీద పని చేస్తానని బరంపురం నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. వదిన మాత్రం "నీటి గుర్రాలతో దీనికేం పని?" అని ఫోనులో కంగారు పడింది. అవి ఆఫ్రికా నదుల్లో ఉండే భారీ జంతువులనీ, ఇవి అరచేతిలో ఇమిడే చేపలనీ ముందు మీ అమ్మకు చెప్పు.

డైవింగ్ ఎక్కడ నేర్పుతారని అడిగావు. సముద్ర గుర్రాల శాస్త్రవేత్త అమాండా విన్సెంట్ వీటిని నీళ్ళలోకి దిగి గమనించే పేరు తెచ్చుకున్నారు, నిజమే. కానీ మన తీరంలో నీళ్ళు అంత తేటగా ఉండవు. ఇక్కడ సముద్ర గుర్రం నీకు ముందుగా కనిపించేది వలలోనే. రొయ్యల కోసం సముద్రం అడుగును ఊడ్చే వలల్లో ఇవీ పడతాయి. కాబట్టి తెల్లవారకముందే గోపాల్‌పూర్ ఒడ్డుకు వెళ్ళు. అక్కడి మత్స్యకారులు చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అచ్చువేసిన ప్రశ్నల పత్రం సంచిలోనే ఉంచు.

నేను చేసిన తప్పు చెబుతాను. 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చేర్చారు. ఆ కొత్తలో ఒక పెద్దాయన ఎండిన సముద్ర గుర్రాన్ని ముచ్చటగా చూపిస్తే, "ఇది నేరం, తెలుసా?" అన్నాను. ఆయన మారుమాట లేకుండా దాన్ని గంపలో వేసుకున్నాడు. ఆ తరువాత కొన్ని నెలలు, నేను కనబడగానే గంపల మీద గోనెపట్టాలు పడేవి. నా పుస్తకంలో ఆ నెలలన్నీ సున్నాలే. సముద్రంలో లేక కాదు.

తేదీ, వల రకం, లోతు రాసుకో. ఎత్తును తలమీది కిరీటం నుంచి చాపిన తోక కొస దాకా కొలువు. పొట్ట కింద, తోక మొదట్లో సంచి ఉంటే మగది. పిల్లల్ని మోసేది అదే. సంచి ఉబ్బి, ఇంకా ప్రాణం ఉంటే కొలతలు మానేసి వెంటనే నీళ్ళలో వదలమను. చచ్చినదాన్నైనా అనుమతి లేకుండా ఇంటికి తేకు, చట్టం నీకూ వర్తిస్తుంది. ఫోటో చాలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులూ చిలికా సరస్సులో నీటిగడ్డి పెరిగే చోట్లు చూడు. సముద్ర గుర్రాలు తోక చుట్టి పట్టుకునేది అలాంటి గడ్డినే.

ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే జీతం ఉంటుందని అన్నయ్యకు నేనే చెబుతాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికల్లా మా ఇంటికి రా, కలిసి ఒడ్డుకు వెళదాం. పాత చెప్పులు వేసుకో.

మీ అత్తయ్య