ఆర్డర్ వచ్చినా పైసలు ఆపిండంటే: మూడు నెలల గడువు చూసుకోండి

అమ్మ పోషణకు పైసలు ఇయ్యాలని ఆర్డర్ అయినంక ఆఫీసోళ్లే వసూలు చేసి ఇస్తరనుకున్నట్టున్నరు, పని అక్కడనే ఆగింది. హన్మకొండ ఆర్డీఓ ట్రిబ్యునల్ అమ్మకు నెలకు 6,000 ఇయ్యమన్నది, మీ అన్న రెండు నెలలు వేసి ఆపిండు, స్టేషన్‌కు పోతే మాకు సంబంధం లేదన్నరు అని రాసిన్రు. తల్లిదండ్రుల, పెద్దవాళ్ల పోషణ చట్టం (2007) ప్రకారం అమ్మనే మళ్లీ ట్రిబ్యునల్‌లో వసూలు కోసం దరఖాస్తు పెట్టాలె.

అందరు మిస్సయ్యేది గడువు. ఏ నెల పైసలు రాలేదో, ఆ డ్యూ తేదీ నుంచి మూడు నెలల లోపల దరఖాస్తు పడాలె, దాటితే ఆ నెలకు వారెంట్ (బాకీ వసూలు చెయ్యమనే ఆదేశం) ఇయ్యరు. అమ్మలేమో "ఇంకో నెల చూద్దాం బిడ్డా, వాడే వేస్తడు" అంటరు, అట్లనే గడువు పోతది, దయచేసి ఆగకండి.

1. అమ్మ పాస్‌బుక్ ఇయ్యాల్టి దాక ప్రింట్ కొట్టియ్యండి. రెండు ఎంట్రీలు, తర్వాత ఖాళీ, అదే సాక్ష్యం.
2. ఆర్డర్ కాపీ లేకుంటే అడగండి, పేరెంట్స్‌కు ఫీజు లేకుండ ఇయ్యాలె.
3. దరఖాస్తుల ఏ నెలకు ఎంత బాకీ అని నెలవారీగా రాయండి, వారెంట్ ఇయ్యమని స్పష్టంగ అడగండి. వారెంట్ తర్వాత కూడ కట్టకపోతే నెల దాక జైలు వెయ్యొచ్చు.
4. అన్న హైదరాబాద్‌ల ఉంటే అక్కడి ట్రిబ్యునల్ కూడ ఇదే ఆర్డర్ అమలు చెయ్యొచ్చు, కొత్త కేసు అక్కర్లేదు.

రాసుడు రాకుంటే 14567కు ఫోన్ చెయ్యండి, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, ఫ్రీ.