కోసినా పోని ఫొటో

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ పిల్లలు చదివేది ఒడియా మీడియం, తెలుగు అక్షరం రాదు. అలాంటి పిల్లల కోసం పవర్‌పాయింట్‌లో పాఠాలు చేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నాను. ఫొటోలన్నీ మా ఊరివే, నా ఫోన్‌తో తీసినవే. పదో పాఠానికే ఫైల్ 300 ఎంబీ దాటింది, అప్‌లోడ్ కానంటోంది. ఫొటోలన్నీ క్రాప్ చేశాను, అయినా ఏమీ తగ్గలేదు. తప్పెక్కడ?
(ఒక టీచర్, గజపతి జిల్లా)

టీచరుగారూ, తప్పు మీది కాదు, క్రాప్ అనే ఆ మాటది. కత్తెర పెట్టి కోసేశాం అనుకుంటాం మనం, పవర్‌పాయింట్ మాత్రం కోయదు, చీర కుచ్చిళ్లు దోపినట్టు మిగతా ఫొటో అంతా లోపలికి మడిచి పెట్టుకుంటుంది. నమ్మకం కుదరకపోతే ఫైల్‌కి ఒక కాపీ తీసి, పేరు చివర ఉన్న పీపీటీఎక్స్‌ని జిప్ అని మార్చి తెరవండి. లోపల పీపీటీ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఇంకో ఫోల్డర్ ఉంటాయి, మీ ఫొటోలు ఒక్కోటి ఎంత బరువున్నాయో అక్కడ తెలిసిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. ముందు అసలు ఫైల్‌ని ఇంకోచోట దాచుకోండి, ఎందుకంటే ఒకసారి కుదించి సేవ్ చేశాక వెనక్కి రాదు. తర్వాత ఏదో ఒక ఫొటో మీద నొక్కితే పైన పిక్చర్ ఫార్మాట్ వస్తుంది, అందులో కంప్రెస్ పిక్చర్స్. ‘అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్’ దగ్గర ఉన్న టిక్కు తీసేయండి (అందరూ బోల్తాపడేది ఇక్కడే, ఒక్క ఫొటో కుదించి ఫైల్ తగ్గలేదని కూర్చుంటారు), ‘డిలీట్ క్రాప్డ్ ఏరియాస్’ దగ్గర టిక్కు ఉంచండి, కింద వెబ్‌కి అని ఉండే 150 పీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) ఎంచుకోండి. స్లైడు వెడల్పు 13.33 అంగుళాలు, అంటే స్లైడు నిండా పెట్టిన ఫొటోకి కూడా 2000 చుక్కలు చాలు. మీ ఫోన్ 12 మెగాపిక్సెల్ అయితే అది 4000 చుక్కల ఫొటో ఇస్తోంది, వెడల్పులోనూ ఎత్తులోనూ రెట్టింపు కాబట్టి దాదాపు ముప్పావు వంతు బరువు ఊరికే మోస్తున్నారన్నమాట. స్లైడులో వీడియోలు కూడా ఉంటే ఫైల్, ఇన్ఫోలో కంప్రెస్ మీడియా ఉంటుంది, పిల్లలు ఫోన్లో చూస్తారు కాబట్టి 720 సరిపోతుంది.

అక్షరాలకి మాత్రం ఇది పనికిరాదు. అక్షరాల చార్టుని ఫొటో తీసి పెట్టి కుదించారంటే ‘కి’ ఏదో ‘కీ’ ఏదో మీకే తెలియదు. అక్షరం ఎప్పుడూ టైపే చేయండి, తప్పనిసరై బొమ్మగా పెట్టాల్సివస్తే పీఎన్‌జీ వాడండి. జేపెగ్ ఫొటోలకి బాగుంటుంది గానీ అక్షరాల అంచుల్లో మసక వేస్తుంది.

ఇంకో మాట. పీపీటీఎక్స్ ఫైల్‌ని ఎవరికీ పంపకండి, వీడియోగా మార్చి పెట్టండి. నేనొకసారి మార్కుల పట్టిక స్క్రీన్‌షాట్ పెట్టి, పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న భాగం క్రాప్ చేసి ఫైల్ పంపేశాను. ఆ సాయంత్రమే ఒకాయన ఫోన్ చేసి ‘సార్, రీసెట్ నొక్కితే మీ పిల్లల నంబర్లన్నీ కనిపిస్తున్నాయి’ అన్నారు. ఆ రాత్రి నిద్ర లేదు. మీ ఫొటోల్లో పిల్లలుంటే ఇది ఇంకా ముఖ్యం.

ఫొటోలు మీ ఊరివే తీయడం నాకు బాగా నచ్చింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, ఇంట్లో మాట్లాడే మాటే బొమ్మ కింద రాయడానికి మీకు ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఊళ్లో కొమ్ముతో చేసే కొంగల బొమ్మలుంటాయి కదా, ‘క’కి కొమ్మిస్తే ‘కు’ అని చెప్పేచోట ఆ ఫొటో పెట్టి చూడండి.

ప్రశ్న: స్లైడ్ షో రికార్డ్ చేస్తే ప్రతి స్లైడులో నా మొదటి మాట తెగిపోతోంది. మైకు మార్చాలా? (రాయగడ నుంచి)

వద్దు తమ్ముడూ, డబ్బు దండగ. స్లైడు మారే ఆ క్షణంలో పవర్‌పాయింట్ గొంతు రికార్డ్ చేయదు, స్లైడు పూర్తిగా వచ్చాక ఒక ఊపిరి తీసుకుని మాట్లాడు. స్లైడ్ల మధ్య పెట్టిన ఆ గింగిరాల ట్రాన్సిషన్లు తీసేస్తే ఇంకా మంచిది, చూసేవాళ్లకీ తలనొప్పి తగ్గుతుంది. తెగిన స్లైడు ఒక్కటే మళ్లీ రికార్డ్ చేసుకో, ఆడియో స్లైడు స్లైడుకీ విడిగానే ఉంటుంది.

ప్రశ్న: ఒకే స్లైడులో ఒడియా, తెలుగు పక్కపక్కన పెడితే వేరే కంప్యూటర్‌లో డబ్బాలు కనిపిస్తున్నాయి. (బరంపురం నుంచి)

విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐలో రెండు లిపులూ ఉన్నాయి, రెంటికీ అదే పెట్టండి. ముచ్చటపడి దింపుకున్న ఫాంటే కావాలంటే ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ టిక్కు పెట్టండి, అన్ని ఫాంట్లూ ఒప్పుకోవు. వీడియో చేసేస్తే ఈ గొడవే ఉండదు.