గామా ఎక్కువ, ల్యాబ్‌లో యురేనియం తక్కువ: ప్రోబ్ తప్పేనా?

గుణుపూర్ తమ్ముడికి,

బోరులో 84 మీటర్ల దగ్గర గామా లాగ్ (బోరులోకి దించిన ప్రోబ్ లోతు వారీగా కొలిచే గామా కిరణాల రికార్డు) ఎగిరింది, అదే లోతు కోర్‌లో, అంటే డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీలో, యురేనియం పెద్దగా లేదని ల్యాబ్ చెప్పింది, ప్రోబ్ పాడైందేమోనని నీ టెన్షన్. ప్రోబ్‌ను అప్పుడే తిట్టకు.

ముందు కోర్ ట్రే చూడు. మూడు మీటర్ల రన్‌కి, అంటే ఒక్క విడతలో డ్రిల్ చేసిన పొడవుకి, ఎంత కోర్ వచ్చింది? ఖనిజం ఉన్నచోట రాయి పొడిపొడిగా ఉంటే డ్రిల్లింగ్ నీళ్లలో కొట్టుకుపోతుంది, ల్యాబ్‌కు వెళ్లేది మిగిలిన గట్టి ముక్కే. అక్కడ రన్ తగ్గించమను, డ్రిల్లర్ విసుక్కున్నా సరే. తర్వాత సింటిలోమీటర్‌ను (చేత్తో పట్టుకునే గామా మీటర్) కోర్ మీద 10 సెంటీమీటర్లకోసారి పెట్టి రీడింగులు రాసుకో. ఎక్కువ రీడింగ్ 85 దగ్గర వస్తే లోతు లెక్కలోనే తేడా.

అదీ సరిపోతే థోరియాన్ని అనుమానించు. మామూలు ప్రోబ్ యురేనియం, థోరియం, పొటాషియం అన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. మన ఛత్రపూర్ తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది కదా, దానిమీద పెట్టినా మీటర్ కేకలు పెడుతుంది. అది ఎక్కువగా థోరియమే. గామా కిరణాలను శక్తిని బట్టి విడదీసే స్పెక్ట్రల్ ప్రోబ్ అయితే 2.61 ఎంఈవీ (శక్తి కొలమానం) దగ్గర థోరియం వైపుది, 1.76 దగ్గర యురేనియం వైపుది విడిగా చూపిస్తుంది.

ఆ 1.76 కూడా నిజానికి యురేనియానిది కాదు, అది క్షీణిస్తూ పోతే రేడియం తర్వాత వచ్చే బిస్మత్-214ది. భూగర్భ జలం యురేనియాన్ని కరిగించి పట్టుకుపోయి, రేడియం అక్కడే మిగిలితే లాగ్ నిన్ను బోల్తా కొట్టిస్తుంది. అదే శాంపిల్‌లో రేడియం కూడా కొలిపించు.

కోర్ రికవరీ ఎంతో రాసి పంపు, మిగతాది చూద్దాం.