ప్యాచ్ క్లాంప్, ఎన్‌ఎంఆర్ గదుల దగ్గర వైఫై పెట్టవచ్చా?

మీ విభాగంలో ఎన్‌ఎంఆర్ యంత్రం (బలమైన అయస్కాంతంలో పరమాణు కేంద్రకాల స్పందనను బట్టి అణువుల నిర్మాణం తెలిపేది), ప్యాచ్ క్లాంప్ ప్రయోగశాల (జీవకణాల్లోని అతిసూక్ష్మ విద్యుత్తును కొలిచేది) ఉన్న అంతస్తులో వైఫై యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ పంపే పెట్టెలు) బిగించబోతున్నారని, అధ్యాపకులు కోరుతున్నట్టు వాటిని పూర్తిగా నిషేధించాలా అని అడిగారు. ఒక విశ్వవిద్యాలయంలో పరికరాల నిర్వహణ చూస్తూ ఈ రెండు రకాల గదులతోనూ పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. అంతస్తు మొత్తానికి నిషేధం అక్కర్లేదు. అయితే ప్యాచ్ క్లాంప్ గది విషయంలో మీ అధ్యాపకుల ఆందోళన న్యాయమైనదే.

ఎన్‌ఎంఆర్ సంగతి తేలిక. 9.4 టెస్లా అయస్కాంతంలో ప్రోటాన్లు 400 మెగాహెర్ట్జ్ వద్ద, కార్బన్-13 కేంద్రకాలు సుమారు 100.6 మెగాహెర్ట్జ్ వద్ద స్పందిస్తాయి. వైఫై వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ అక్కడికి చాలా దూరం. కార్బన్ స్పెక్ట్రమ్‌లో సంబంధం లేని గీత కనిపిస్తే నేను ముందుగా అనుమానించేది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారమయ్యే ఎఫ్‌ఎం స్టేషన్లను. ఆ గదిలో అసలు ప్రమాదం, యాక్సెస్ పాయింట్ బిగించడానికి వచ్చే మనిషి తెచ్చే ఇనుప నిచ్చెనతోనూ డ్రిల్లింగ్ మెషీన్‌తోనూ ఉంటుంది. 5 గాస్ గీత (అయస్కాంత క్షేత్రం 5 గాస్‌కు చేరే చోటును చూపే హద్దు) దాటి అవేవీ లోపలికి రాకుండా మీలో ఒకరు దగ్గరుండి పని చేయించండి.

ప్యాచ్ క్లాంప్‌తో కొలిచేది ఒక్క అయాన్ చానల్ (కణపు పొరలో అయాన్లు వెళ్లే సూక్ష్మ ద్వారం) గుండా పారే కొద్ది పికోఆంపియర్ల విద్యుత్తును. యాంప్లిఫయర్‌కు గిగాహెర్ట్జ్ తరంగాన్ని అనుసరించే వేగం లేకపోయినా, దాని ఇన్‌పుట్‌లోని సెమీకండక్టర్లు ఆ తరంగం వచ్చి పోయే ప్రతిసారీ దాన్ని చిన్న డీసీ కుదుపుగా మార్చేస్తాయి. యాక్సెస్ పాయింట్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్ (తన నెట్‌వర్క్ ఉనికిని చాటే చిన్న సంకేతం) పంపుతుంది కాబట్టి రికార్డింగ్‌లో సెకనుకు ఇంచుమించు పది సన్నని స్పైకులు పడతాయి. మా దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. కణానికి బదులు మోడల్ సెల్ (కణాన్ని అనుకరించే చిన్న విద్యుత్ సర్క్యూట్) తగిలించినా స్పైకులు పోలేదు. యాక్సెస్ పాయింట్‌కు కరెంటు తీయగానే పోయాయి.

అయినా దాన్ని తీసేయించలేదు, ఎందుకంటే లోపం ఫారడే కేజ్‌లో, అంటే బయటి తరంగాలను ఆపడానికి పరికరం చుట్టూ ఉండే లోహపు జాలీ పంజరంలో కూడా ఉంది. తలుపు చట్రానికి వేసిన రంగు వల్ల జాలీకి, చట్రానికి విద్యుత్ స్పర్శే లేదు. పైగా మైక్రోమానిప్యులేటర్ (ఎలక్ట్రోడ్‌ను అతి సూక్ష్మంగా జరిపే పరికరం) కేబుల్ ఒకటి షీల్డింగ్ లేకుండా బయటినుంచి లోపలికి వస్తోంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు కాబట్టి మూడు సెంటీమీటర్ల తీగ బయటపడి ఉన్నా అది చక్కని యాంటెన్నా అవుతుంది. రంగు గీకి రాగి టేపు అంటించి, కేబుల్‌కు ఫెరైట్ రింగు (తీగ వెంట వచ్చే రేడియో తరంగాలను అణిచే కడియం) తొడిగాక స్పైకులు చాలావరకు తగ్గాయి. యాక్సెస్ పాయింట్‌ను కారిడార్ చివరికి జరిపాక మిగిలినవీ పోయాయి.

దూరానికి ఉన్న విలువ లెక్కలోనే తెలుస్తుంది. 100 మిల్లీవాట్ల యాక్సెస్ పాయింట్ నుంచి మూడు మీటర్ల దూరంలో విద్యుత్ క్షేత్రం మీటరుకు సుమారు 0.6 వోల్టులు, దూరం రెట్టింపైతే అది సగమవుతుంది. 2 వాట్ల గరిష్ఠ శక్తితో పనిచేసే 2జీ ఫోన్ ఒక మీటరు దూరంలోనే దాన్ని మీటరుకు ఏడు వోల్టులు దాటించగలదు. కాబట్టి రికార్డింగ్ జరిగేటప్పుడు ఫోన్లు గది బయట పెట్టించడం మరింత ముఖ్యం.

నెట్‌వర్క్ విభాగానికి రాసేటప్పుడు ఆ గదికి ఆనుకున్న యాక్సెస్ పాయింట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఆపి 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉంచమని, నెట్‌వర్క్ పేర్ల సంఖ్య తగ్గించమని కోరండి. ఎడ్యురోమ్ (విశ్వవిద్యాలయాల ఉమ్మడి వైఫై), అతిథుల నెట్‌వర్క్ అంటూ ఒక్కో పేరుకు ఒక్కో బీకన్ వెళ్తుంది. పరికరాల కంప్యూటర్లకు ఈథర్‌నెట్ కేబులే వేయించండి. ఆ ఒక్క యాక్సెస్ పాయింట్‌కు ఆటోమేటిక్ పవర్ సర్దుబాటును ఆపమని తప్పకుండా రాయండి, లేకపోతే పక్కనున్నది పాడైన రోజున కంట్రోలర్ (యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపించే కేంద్ర వ్యవస్థ) దీని శక్తిని తనంతట తానే పెంచేయవచ్చు, నిన్నటిదాకా శుభ్రంగా ఉన్న రికార్డింగ్ ఎందుకు చెడిందో ప్రయోగశాలలో ఎవరికీ అంతుబట్టదు.